చెప్పి నేర్చుకొను చదువు

ప్రాథమికపాఠశాలలో చదువుకొను పిల్లలు తామే పాఠములను కూర్చి, తామే కెమేరా యెదుట నిలిచి చెప్పి, తామే వానిని వీడియోలుగా తీర్చిదిద్ది తోడిపిల్లలకు చూపెడి పద్ధతి యొకటి నేడు పెక్కుదేశముల విద్యాలయములలో నెలకొనుచున్నది. ఇందులకై పాఠశాలలో ఒక గదిని ప్రత్యేకించి స్టూడియోగా నేర్పఱచుచున్నారు. మనదేశమునందును కొన్ని పట్టణపాఠశాలలు ఈ మార్గమును త్రొక్కినవి. పదేండ్లు నిండని బాలిక భిన్నములను గూర్చి తెరపై ఉపన్యసించుట చూచి కొందఱు ముచ్చటపడుచున్నారు. బడికి పంపినది చదువుకొనుటకా, సినిమాలు తీయుటకా యని మఱికొందఱు నొసలు చిట్లించుచున్నారు. ఈ రెండును తొందరపాటే యని మా యభిప్రాయము. సక్రమముగా నడపినచో ఇది మన వీధిబడులలో ఒకప్పుడు వర్ధిల్లి, మనము మఱచిపోయిన ఒక మంచి యలవాటునకు పునర్జన్మ యగును. అక్రమముగా నడపినచో ఆ వీధిబడులను పట్టి పీడించిన ఒక పాత తెగులునకే క్రొత్త వేషము వేసినట్లగును. ఏది కావలెనో నిర్ణయించుకొనవలసిన సమయమిది.

మా పాఠకులలో భూస్వాములును, పట్టణవాసులును ఈ విషయమును శ్రద్ధతో ఆలోచింపవలసిన కారణము కలదు. బడికి గదులిచ్చువారు, విరాళములిచ్చువారు, బడి బాగోగులను గూర్చి గ్రామమున నలుగురిలో మాట చెల్లించుకొనగలవారు వారే. స్టూడియో పేరిట ఏ వస్తువు కొనవలెనో, దానిని ఎవరి చేతికీయవలెనో తుదకు తేల్చునది పెక్కుచోట్ల వారి మాటయే.

పూర్వచరిత్ర

1789వ సంవత్సరమున మద్రాసు ఎగ్మూరులోని సైనికుల అనాథబాలాశ్రమమునకు ఆండ్రూ బెల్ అను క్రైస్తవమతాచార్యుడు పర్యవేక్షకుడయ్యెను. ఆయన ఒక దేశీయపాఠశాలలో పిల్లలు ఇసుకపై వ్రేళ్లతో అక్షరములు దిద్దుట చూచి, ఆ పద్ధతిని తన ఆశ్రమమునకు కొనివచ్చెను. జీతమునకు కుదిరిన ఉపాధ్యాయులు దానికి మొరాయించిరి. అంతట ఆయన జాన్ ఫ్రిస్కెన్ అను ఎనిమిదేండ్ల బాలునకు అక్షరాభ్యాసపు తరగతిని అప్పగించెను. పెద్దలు చేయలేమన్న పనిని ఆ పిల్లవాడు చేసి చూపెను. బెల్ స్వదేశమునకు మరలిపోయి, 1797లో లండను నగరమున ఈ ప్రయోగమును గూర్చి ఒక చిన్నపొత్తమును ప్రకటించెను. 1811లో స్థాపింపబడిన ఒక జాతీయవిద్యాసంఘము ఆ పద్ధతినే గైకొని ఇంగ్లండునందు వేలకొలది బడులు నడపెను. ఆ పద్ధతికి వారు పెట్టిన పేరు ‘మద్రాసుపద్ధతి’. పిల్లవాడే పిల్లవానికి గురువగుట యను సంగతిని మనము పరులనుండి అరువు తెచ్చుకొనవలసిన పని లేదు. మన యరుగులమీదనుండియే అది సముద్రము దాటినది.

ఇందులకు ఇంకొక సాక్ష్యము కలదు. మద్రాసు గవర్నరు సర్ తామస్ మన్రో 1822లో జిల్లాలన్నిటిలో ఎన్ని బడులున్నవో, ఎందఱు చదువుచున్నారో తెలుపుడని కలెక్టరులకు ఉత్తరువు చేసెను. నేటి అనంతపురము ఆనాడు బళ్లారిజిల్లాలోని భాగము. ఆ జిల్లా కలెక్టరు ఏ. డి. కాంబెల్ తెలుగున వ్యాకరణమును, నిఘంటువును కూర్చిన పండితుడు. 1823 ఆగస్టులో ఆయన పంపిన నివేదికను బట్టి జిల్లాలో 533 బడులును, వానిలో 6,641 విద్యార్థులును ఉండిరి. బడులలో కన్నడమువి 235, తెలుగువి 226. ముందు తరగతిపిల్లలు వెనుకటి తరగతిపిల్లలకు చదువు చెప్పుటను కాంబెల్ మెచ్చుకొనెను. అట్లు చెప్పుటవలన చెప్పెడి పిల్లల జ్ఞానమే గట్టిపడుచున్నదని గమనించి, ఇంగ్లండువారు ఈ పద్ధతిని అనుకరించుట సబబేయని వ్రాసెను.

ఆయన మెప్పుతోనే ఊరకుండలేదు. బడులలోని పిల్లలు వందలకొలది పద్యములను తప్పులేకుండ వల్లించుచున్నారే గాని వాని యర్థము పలుకులు నేర్చిన చిలుకకు తెలిసినంతయే వారికిని తెలియునని అదే నివేదికలో ఎత్తిపొడిచెను. మంచియు చెడ్డయు ఒకే యరుగుమీద, ఒకే చాపమీద కూర్చుండి యున్నవి. పిల్లవాడు పిల్లవానికి చెప్పుట మంచి. చెప్పెడి దానిని తెలియకయే చెప్పుట చెడ్డ. నేటి బడిస్టూడియోను పరీక్షించుటకు ఇంతకంటె మంచి గీటురాయి మాకు కనబడదు.

ఇంగ్లండునందు మద్రాసుపద్ధతికి పట్టిన గతియు ఇట్టిదే. ఒక్క ఉపాధ్యాయునితో వందలకొలది పిల్లలను సాకవచ్చునన్న పొదుపే దానికి ప్రధానగుణమై, పిల్లగురువులు గంటకొట్టినట్లు వల్లెవేయించు యంత్రములైరి. పందొమ్మిదవ శతాబ్దము సగము గడచులోపల విద్యావేత్తలు దానిని వదలుకొనిరి. పద్ధతి చెడ్డదగుటచేత గాదు, దానిలోని ప్రాణమును తీసివేసి డొల్లను నిలుపుకొనుటచేత అది చెడెను.

చూచువారా, చేయువారా?

మద్రాసు రేడియోకేంద్రము 1938లో వెలసిన పిమ్మట న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు తెలుగుపిల్లలకై కార్యక్రమములు నడపిరి. రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య యని ఆంధ్రదేశమంతటను పిల్లలు వారిని పిలుచుకొనిరి. వారి విశేషమేమనగా, పిల్లలకొఱకు పెద్దలు మాటలాడుటతో తృప్తిపడక, పిల్లలనే మైకు ముందునకు తెచ్చి పాడించిరి, ఆడించిరి, మాటలాడించిరి. 1945లో వారు నెలకొల్పిన ‘బాల’ పత్రికయు పిల్లల రచనలకు తావిచ్చినది. తెలుగునాట స్టూడియోలోనికి పిల్లవాడు అతిథిగా గాక పనివాడుగా అడుగిడుట నాటినుండియే కలదు.

తరువాత వచ్చిన యంత్రము మఱింత పెద్దది. దానియెదుట పిల్లవాని స్థానము మఱింత చిన్నదయ్యెను. 1975 ఆగస్టు 1వ తేది మొదలు 1976 జూలై 31వ తేది వఱకు అమెరికావారి ఏ.టి.ఎస్.-6 ఉపగ్రహము సాయమున ఇస్రో సంస్థ నడపిన బోధనాటెలివిజను ప్రయోగము ఆఱు రాష్ట్రములలో 2,400 గ్రామములకు తెరను తెచ్చినది. ఆ యాఱింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఉదయము బడిపిల్లలకు 22½ నిమిషముల కార్యక్రమము, సాయంకాలము పెద్దలకు వ్యవసాయము, ఆరోగ్యము మొదలగువాని ప్రసారములు. విద్యుద్దీపమైనను ఎఱుగని పల్లెలలో పిల్లలు తెరయెదుట గుమిగూడి చూచిన ఆ సంవత్సరము మనదేశపు విద్యాచరిత్రలో గొప్పది. 2004 సెప్టెంబరు 20వ తేదిని శ్రీహరికోటనుండి పైకెగసిన ఎడ్యుశాట్ విద్యకొఱకే ఉద్దేశింపబడిన మన మొదటి ఉపగ్రహము. 2020 మార్చిలో కరోనావ్యాధివలన బడులు మూతపడినప్పుడు తెలంగాణమున దూరదర్శన్ యాదగిరి, టీ-సాట్ ప్రసారములును, ఆంధ్రప్రదేశమున దూరదర్శన్ సప్తగిరి ప్రసారములును పిల్లలకు పాఠములందించినవి. ఈ సేవలను మేము తక్కువచేయము. బడియే లేని కాలమున అవి చేసిన మేలు మఱవరానిది.

అయినను ఒక సంగతి స్పష్టము. అర్ధశతాబ్దముగా తెర పెద్దదగుచు, వన్నెకెక్కుచు, చౌకయగుచు వచ్చినది. పిల్లవాడు మాత్రము 1975లో కూర్చున్నచోటనే కూర్చుండి యున్నాడు. చెప్పువానికి వినువాడు లోకువ యని సామెత. తెరలో చెప్పువాడు విను పిల్లవాని ముఖము చూడడు, తెలిసినదా యని అడుగడు, తెలియలేదని చెప్పినను వినడు. తెరకు అవతలిప్రక్కను పిల్లవానిని నిలుపుటయే ఈ లోకువకు మందు. బడిస్టూడియో చేయదలచిన పని ఇదియే.

స్టూడియోలో జరుగు పని

స్టూడియో యనగానే పెద్ద దీపములు, ఖరీదైన యంత్రములు కనులకు కట్టును. ప్రాథమికపాఠశాలకు అవి యక్కఱలేదు. ఒక చిన్నగది, మంచి సెల్ఫోను ఒకటి, దానిని కదలకుండ నిలుపుటకు ముక్కాలి ఆనిక, తీగతో కూడిన చిన్నమైకు, చేర్చి కత్తిరించుటకు ఒక కంప్యూటరు చాలును. గట్టిగోడల గదిలో మాట గోడలకు తగిలి మరలివచ్చి ముద్దయగును. గోడలకు పాత బొంతలో దుప్పట్లో వ్రేలాడగట్టినచో ఆ మ్రోత అణగును. మైకు నోటికి జానెడు దూరమున నుండవలెను. పంకా ఆపవలెను. కిటికీ వెలుతురు చెప్పువాని ముఖముపై పడవలెను గాని వెనుకనుండి రారాదు. కెమేరా పిల్లవాని కంటియెత్తుననే యుండవలెను. పైనుండి తీసినచో పిల్లవాడు పెద్దవానికి అప్పగించుచున్నట్లుండును. ఇవన్నియు పదేండ్ల పిల్లలు వారములో నేర్వగల సంగతులు. శబ్దమెట్లు మరలివచ్చును, వెలుతురెట్లు ప్రసరించును అను శాస్త్రపాఠములు రెండు ఈ యేర్పాటులోనే చేతికందును.

అసలు పని కెమేరా తెఱవకముందు జరుగును. చంద్రకళల పాఠమును తీసికొందము. భూమినీడ పడుటవలన చంద్రుడు తఱుగుచు పెరుగుచు నుండునని తలచువారు పెద్దలలోను ఎందఱో కలరు. పుస్తకములోని సరియైన వాక్యమును కంఠస్థము చేసి పరీక్షలో నూటికి నూఱు తెచ్చుకొన్న పిల్లవాని మనసులోను ఈ భ్రమ చెక్కుచెదరక యుండవచ్చును. అదే పిల్లవానిని, దీనిని మూడవతరగతివారికి మూడు నిమిషములలో తెలియజెప్పుమనుడు. అప్పుడు వాక్యము చాలదు, చూపవలెను. చీకటిగదిలో ఒక దీపము పెట్టి, చేతిలో తెల్లబంతి పట్టి, తాను భూమియై మెల్లగా చుట్టు తిరుగును. దీపమువైపు బంతిని పట్టినప్పుడు తనకు కనబడు ప్రక్క చీకటి. వీపు దీపమువైపు త్రిప్పి బంతిని తలకంటె కొంచెము పైకెత్తినప్పుడు నిండువెలుగు. భూమి సూర్యచంద్రుల నడుమకు వచ్చునది పౌర్ణమినాడే. నీడవలననే కళలు కలుగునేని ఆనాడే చంద్రుడు మాయము కావలెను గదా యను ప్రశ్న అతనికే పుట్టును. బంతిని తలనీడలోనికి దింపినచో గ్రహణమన నేమియో తెలియును. ఒక తప్పు తెలివి ఊడిపోయి, ఒక నిజమైన తెలివి నాటుకొనినది. కెమేరా ఇంకను తెఱవనే లేదు.

తరువాత వ్రాత. పిల్లవాడు నిదానముగా చెప్పినచో మూడు నిమిషములలో పట్టు మాటలు మూడువందలకు మించవు. కనుక అక్కఱలేని మాట తీసివేయవలెను. ముందు చెప్పవలసినదానిని ముందుంచవలెను. ఎక్కడ బొమ్మ చూపవలెనో, ఎక్కడ ఊరకుండవలెనో కాగితముపై గీచుకొనవలెను. తరగతిలో వ్యాసము వ్రాయించునప్పుడు ఎందుకు దిద్దవలెనో పిల్లవానికి తోచదు. ఇక్కడ దిద్దకున్నచో మూడు నిమిషములు దాటిపోవునని గడియారమే చెప్పును. ఒకడు చెప్పువాడు, ఒకతె కెమేరా చూచునది, ఒకడు శబ్దము వినువాడు, ఒకతె బొమ్మలు గీయునది, ఒకడు గడియారము పట్టువాడు. ఈ పనులు వంతులవారీగా మారవలెను. బిగ్గఱగా మాటలాడలేని పిల్లవాడు కెమేరావద్ద నేర్పరి యగుట, లెక్కలలో వెనుకబడిన పిల్ల కూర్పుపనిలో ముందుండుట బడికి తెలియవచ్చును.

తీసిన దానిని తిరిగి చూచునప్పుడు తన మాట తన చెవికే వినబడును. శ, స, షలు కలిసిపోవుట, వాక్యముల చివరలు మ్రింగివేయుట మొదలగువానిని ఉపాధ్యాయుడు బెత్తము పుచ్చుకొని చెప్పనక్కఱలేదు. చెప్పినవాడే ఇంకొకసారి తీయుదమనును. తుదిపరీక్ష మార్కుల పట్టికలో లేదు. పాఠమును చిన్నతరగతివారికి చూపి, వారిచేత ఆ సంగతిని చెప్పింపవలెను. వారు చెప్పలేనిచో తప్పు వినువారిది గాదు, చెప్పినవారిది. మరల కూర్చుండి కూర్పవలెను. వినువాడు ఇట్లు పరీక్షకుడైనప్పుడు సామెతలోని లోకువ తొలగిపోవును. కాంబెల్ చూచిన గుణము, చెప్పుటవలన చెప్పువాని జ్ఞానము గట్టిపడుట, నెఱవేరునది ఇచ్చటనే.

ఇందులకు భిన్నమైన స్టూడియో ఒకటి కలదు. ఉపాధ్యాయుడు వ్రాసియిచ్చిన ఉపన్యాసమును పిల్లవాడు కంఠస్థముచేసి, అద్దినట్లు అప్పగించును. ముఖమునకు పూత, మెడకు పట్టీ, వెనుక పాఠశాల పేరుతో పెద్దపలక. ఇది కాంబెల్ చూచిన చిలుకయే. పంజరము మాత్రము మారినది. ఇట్టి వీడియోలలో తప్పొకటియైనను దొరకదు. తప్పులేకపోవుటయే వాని తప్పు. పిల్లవాడు తనంతట చెప్పిన పాఠములో తడబాటుండును, పల్లెమాట యుండును, పెద్దలకు తోచని ఉపమాన ముండును. భిన్నములకు జొన్నరొట్టెను, నీటి యొత్తిడికి చెఱువుతూమును, బరువుతూకమునకు సంతలోని కాటాను తెచ్చుట పిల్లవానికి తోచును. లండనులో అచ్చుపడిన పాఠ్యపుస్తకమునకు తోచదు.

జాతీయవిద్యయు, పరదేశానుభవమును

చేతిపనితో చదువు కలుపవలెనను మాట మనకు క్రొత్త గాదు. 1910లో కోపల్లె హనుమంతరావుగారు, ముట్నూరి కృష్ణారావుగారు, భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు మున్నగువారి పూనికతో బందరున వెలసిన ఆంధ్రజాతీయకళాశాల ఆ యాశయముతో నడచినదే. 1937 అక్టోబరులో వార్ధాలో జరిగిన విద్యాసభలో గాంధీమహాత్ముడు ప్రతిపాదించిన విధానమున చేతివృత్తియే చదువునకు నడుమ నిలుచునది. ఆనాడు కదురును మగ్గమును తలచిరి. వాని స్థానమున కెమేరాను ప్రతిష్ఠింపుడని మేము చెప్పము. పిల్లవాడు చేసిన వస్తువు నిజముగా ఒకరికి ఉపయోగపడవలెనన్న ఆ విధానములోని మర్మమును మాత్రము స్టూడియోకును పట్టింపవచ్చుననుచున్నాము. రెండవతరగతివానికి కూడిక తెలియజెప్పిన వీడియో, నూలుచిలపవలెనే, పిల్లవాడు చేసిన పనికివచ్చెడి వస్తువు.

పరదేశములలో ఇద్దఱి యనుభవము మనకు పాఠము. జపానుదేశపు ప్రాథమికపాఠశాలలలో ప్రసారపు గది యుండుట సామాన్యము. అయిదవ, ఆఱవ తరగతుల పిల్లలు ప్రసారసంఘముగా నేర్పడి, మధ్యాహ్నభోజనవేళ ప్రకటనలు, పాటలు, ముచ్చటలు తామే నడపుదురు. అది కీర్తికొఱకు గాదు. బడి యూడ్చుట, వడ్డించుట వంటి విధులలో అదియు నొకటి. పిల్లలచేతికి యంత్రము నిచ్చుటలో ఇంత సాదాతన మున్నప్పుడు మిడిసిపాటునకు తావుండదు.

ఫ్రాన్సుదేశమున సెలెస్తాఁ ఫ్రెనే యను ఉపాధ్యాయుడు మొదటి ప్రపంచయుద్ధములో ఊపిరితిత్తికి గాయపడి, బిగ్గఱగా బోధింపలేని స్థితిలో 1920లో బార్-సుర్-లూ అను పల్లెబడిలో చేరెను. 1924 ప్రాంతమున చిన్న అచ్చుయంత్రము నొకదానిని కొని పిల్లల చేతికిచ్చెను. పిల్లలు తాము చూచినదియు తలచినదియు తామే వ్రాసి, తామే అక్షరములు పేర్చి అచ్చొత్తి, దూరమున బ్రెతాన్ ప్రాంతములోని బడికి పంపసాగిరి. అక్కడివారు తమ వ్రాతలను వీరికి పంపిరి. కొండపల్లె పిల్లలు సముద్రపు ఊరివారి బ్రతుకును పిల్లల నోటనే తెలిసికొనిరి. అచ్చుయంత్రము పోయి కెమేరా వచ్చెనే గాని నేటి బడిస్టూడియోకు నిజమైన పూర్వికుడు ఆయనయే.

ఆయనకు జరిగినదియు తెలిసికొనవలెను. తరువాత సెయింట్-పాల్ గ్రామమున నున్నప్పుడు, ఒక పిల్లవాడు వ్రాసిన కలముచ్చటను గోడపత్రములకెక్కించి కొందఱు పెద్దలు ఆయనపై దుమారము లేపిరి. 1933లో ఆయన ఆ బడిని విడువవలసివచ్చెను. 1935లో వాన్సు పట్టణమున తన సొంత పాఠశాలను తెఱచెను. పిల్లలకు నోరిచ్చినచో పెద్దలు వినదలచని మాటలును వినబడును. మరుగుదొడ్డికి నీరు లేదనియు, మధ్యాహ్నభోజనములో పప్పు పలుచనయైనదనియు మన బడిపిల్లలు వీడియోలో చెప్పవచ్చును. ఆనాడు కెమేరాను బీరువాలో పెట్టి తాళమువేయు గ్రామపెద్ద, స్టూడియో ప్రారంభోత్సవమునకు రిబ్బను కత్తిరింపకుండుటయే మేలు.

ఆక్షేపణలు

చదువుటయే రాని పిల్లలకు వీడియోలెందుకను ఆక్షేపణ బలమైనది. అసర్ అను విద్యాస్థితినివేదికలో 2024వ సంవత్సరపు లెక్కలను బట్టి, దేశమందలి గ్రామీణ ప్రభుత్వపాఠశాలలలో మూడవతరగతి పిల్లలలో రెండవతరగతి పాఠమును చదువగలవారు నూటికి 23.4 మంది మాత్రమే. ఈ యంకె చూచి కలతపడనివాడు దేశహితైషి కాజాలడు. ఐతే పఠనము రాకపోవుటకు ఒక కారణము, చదివినదానితో పిల్లవానికి పని లేకపోవుటయే. వీడియో కూర్చుటకు చదువవలెను, వ్రాయవలెను, దిద్దవలెను, మరల చదువవలెను. ఆ పనిని మానిపించి కెమేరాతో ఆటలాడించు బడికి ఈ యాక్షేపణ చెల్లును. చదువుటకు హేతువుగా కెమేరాను వాడు బడికి చెల్లదు.

యంత్రవిద్య పల్లెవారికి పట్టువడదను వాదమును మేమంగీకరింపము. జహీరాబాదు ప్రాంతమున దక్కను డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన నిరక్షరాస్యలగు దళితస్త్రీలు కెమేరా పట్టి తమ విత్తనములను, పంటలను గూర్చి చిత్రములు తీసిరి. 2008లో మాచునూరు గ్రామమున వారి సంఘం రేడియో వెలసినది. పొలముపని చేసిన చేతులు నేర్చినదానిని పలకబలపము పట్టిన చేతులు నేర్వలేవా?

మూడవది ఎంతయు ఆలోచింపవలసినది. పిల్లల ముఖములను లోకమున కెల్ల చూపుట మంచిది గాదు. కొన్ని పాఠశాలలు పిల్లల వీడియోలను తమ ప్రకటనలకు పెట్టుబడి చేసికొనుచున్నవి. ఎన్ని వేలమంది చూచిరను లెక్క మార్కులకంటె చెడ్డ పోటీగా పరిణమించును. నల్లగానున్న పిల్లను, నత్తిగల పిల్లవానిని వెనుకకు నెట్టి, ముద్దుగానున్న పిల్లనే ముందు నిలుపు నీచత్వము దాని వెంటనే వచ్చును. 2023లో మన పార్లమెంటు చేసిన వ్యక్తిగత సమాచారరక్షణచట్టము పదునెనిమిదేండ్లు నిండనివారిని బాలురుగా నెంచి, వారి సమాచారమును వాడుటకు తల్లిదండ్రుల నిర్ధారితమైన అనుమతి కావలెనన్నది. చట్టము మాట యటుంచి, పాఠము చెప్పుటకు ముఖము కనబడనక్కఱలేదు. చేతులు, బొమ్మలు, వస్తువులు, గొంతు చాలును. చంద్రకళలను చూపునది బంతియే గాని పిల్లవాని చెక్కిలి గాదు.

భాష

మూడువందల మాటలలో ఒక సంగతిని తోడిపిల్లవానికి తెలియజెప్పుట పిల్లవానికి సొంతభాషలోనే సాధ్యము. రాని భాషలో చెప్పుమన్నచో వల్లించుట తప్ప గతి లేదు. చిలుక మరల వచ్చి కూర్చుండును. వీలైనచోట్ల కనీసము అయిదవతరగతి వఱకు బోధ మాతృభాషలో సాగవలెనని 2020 నాటి జాతీయవిద్యావిధానమే చెప్పుచున్నది. ఇంగ్లీషు నేర్వవలెను, బాగుగా నేర్వవలెను. అందులకు వేఱు పాఠము, వేఱు వేళ కలవు.

తెలుగుననే గాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2004లో గోండి, కోయ, కువి, కొండ, కోలామి, సవర, బంజారా, ఆదివాసి ఒరియా యను ఎనిమిది భాషలలో గిరిజనుల పిల్లలకు తొలిచదువు చెప్పుటకు పూనిక జరిగినది. రాజధానిలోని స్టూడియోకు కోలామిభాషలో కూడికలు చెప్పువాడు దొరకుట కష్టము. ఆ భాష నాడెడి నాలుగవతరగతి బాలిక ఆ యూరిబడిలోనే యున్నది. ఆమె చెప్పిన మూడు నిమిషముల పాఠము ఆ భాషకు నిక్షేపమగును.

మా సూచనలు

స్టూడియో పెట్టదలచిన గ్రామములకును పట్టణములకును మా సూచనలు కొన్ని గలవు. గదికంటె ముందు ఉపాధ్యాయునకు తీరిక కల్పింపవలెను. వారమున రెండుగంటల వేళను పాఠక్రమములోనే కేటాయింపక, బడి విడిచినపిమ్మట చేయుమన్నచో పని నడువదు. ప్రతిపిల్లయు, ప్రతిపిల్లవాడును సంవత్సరమున ఒక్కపాఠమైనను చెప్పవలెను. నేర్పరులను ఏరుకొనుట కూడదు. పెద్దలు వ్రాసియిచ్చిన మాట పిల్లల నోట పలికింపరాదు. సంగతిలోని తప్పును ఉపాధ్యాయుడు చూపవలెను గాని దిద్దుట పిల్లల వంతు. వీడియోలు ముందు బడిలోను, పిదప ఇరుగుపొరుగు బడులలోను చూపబడవలెను. లోకమునకు విడువవలెనా యనుట తల్లిదండ్రులు తేల్చవలసిన మాట. 2009 నాటి విద్యాహక్కుచట్టము ప్రకారము పాఠశాలానిర్వహణసంఘములో మూడువంతులు తల్లిదండ్రులే, సభ్యులలో సగము స్త్రీలే యుండవలెను. ఈ నిర్ణయమునకు వారే తగినవారు. కోనసీమ పిల్లలు వరి నాటుటను చూపిన వీడియో అనంతపురమునకును, అనంతపురపు పిల్లలు వేరుసెనగను, కఱవును చూపిన వీడియో కోనసీమకును పోవలెను. ఫ్రెనే పిల్లలు తపాలాలో చేసినపనిని మన పిల్లలు నిమిషములో చేయగలరు.

దాతలకు ఒక్కమాట. ఖరీదైన తెర నొకదానిని బడికిచ్చి దానిపై పేరు చెక్కించుకొనుట సులభము. ఆ తెర పిల్లలను మరల చాపమీద కూర్చుండబెట్టును. అంతకంటె తక్కువసొమ్ముతో ఒక గదికి సున్నము వేయించి, గోడలకు బొంతలు కట్టించి, కెమేరాయు మైకును పిల్లల చేతికిచ్చి, తాళపుచెవిని ఉపాధ్యాయుని వద్ద నుంచుడు. ఏడాది గడచినపిమ్మట ఆ గదికి పోయి, ఏ పిల్లనైనను పిలిచి, తాను చేసిన పాఠమును వీడియో లేకుండ నోటితో చెప్పుమనుడు. తడువుకొనకుండ తన మాటలలో చెప్పినచో మీ సొమ్ము సార్థకమైనది. చెప్పలేనిచో, ఆ గదిలో ఎన్ని వీడియోలు తయారైనను, అచ్చట చదువు జరుగలేదని తెలిసికొనుడు.